మన ఊరి చుట్టూ కంపెనీలే, మన పిల్లలకు ఏ పని?

తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ, చివర్లో అందరూ లేచేటప్పుడు ఎవరో ఒకరు మెల్లగా దగ్గరకు వచ్చి అడిగే మాట ఒకటుంది. "మా పిల్లోడు పది అయినంక ఏం సదివితే యాడన్నా మంచి పని సిక్కుతుంది సార్?" అడిగేవాళ్లది బాగలూరు కావచ్చు, బేరికె కావచ్చు, వేపనపల్లి కావచ్చు. ప్రశ్న మాత్రం మారదు. ఆ నిమిషానికి ఏదో ఒకటి చెప్పి పంపుతాం. ఈసారి కాస్త నిదానంగా రాద్దామనిపించింది.

మొదట వార్త. 2025 సెప్టెంబరు 11న మన హోసూరులోనే రాష్ట్ర ప్రభుత్వం పెట్టుబడిదారుల సదస్సు పెట్టింది. 92 ఒప్పందాలు, 24 వేల కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడి, 49 వేలకు పైగా ఉద్యోగాలు అని ప్రకటించారు. దానికి కొన్ని రోజుల ముందే ముఖ్యమంత్రి జర్మనీ, బ్రిటన్ వెళ్లి అక్కడి కంపెనీలతో ఒప్పందాలు చేసుకొని వచ్చారు. అదే ఆగస్టు నెలాఖరులో ప్రధానమంత్రి జపాన్ వెళ్లినప్పుడు, ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షలమంది రాకపోకలు జరగాలనీ, అందులో భారతదేశం నుంచి 50 వేలమంది నైపుణ్యం ఉన్నవాళ్లు జపాన్ వెళ్లాలనీ లక్ష్యం పెట్టుకున్నారు.

ఈ అంకెలు చూసి సంతోషపడేవాళ్లున్నారు, "ఇట్లాంటివి ఎన్ని చూడలేదు" అనేవాళ్లూ ఉన్నారు. ఒప్పందం అంటే ఉద్యోగం కాదు, ఆ మాట నిజమే. కానీ మనం అడగాల్సింది ఎన్ని ఉద్యోగాలు అని ఒక్కటే కాదు. బయటి దేశంతో కుదిరిన ఒప్పందంలో మన పిల్లవాడి చేతికి వచ్చే విద్య ఏది అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు మన ఊళ్లోనే, మన కళ్లముందే ఉంది.

1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ కంపెనీ పెట్టినప్పుడు క్వార్ట్జ్ గడియారం చేసే విద్య ఇక్కడ ఎవరికుంది? ఫ్రాన్స్ ఎబోష్ అనే ఫ్రెంచ్ కంపెనీ దగ్గర సాంకేతిక సహకారం తీసుకున్నారు. పనివాళ్ల కోసం మాత్రం దూరం పోలేదు. అప్పటి ధర్మపురి జిల్లాలో, అంటే 2004కు ముందు మన కృష్ణగిరి కూడా కలిసి ఉన్న జిల్లాలో, చుట్టుపక్కల పల్లెల్లో బడి చదువు అప్పుడే ముగించిన పిల్లలను తీసుకొని శిక్షణ ఇచ్చారు. రాగి చేలో కలుపు తీసిన చేతులే కంటికి సరిగ్గా కనపడని చక్రాలను పట్టకారుతో పట్టి కూర్చడం నేర్చుకున్నాయి. 2002లో టైటాన్ 'ఎడ్జ్' అనే గడియారాన్ని తెచ్చింది. మొత్తం మందం మూడున్నర మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. అది కంపెనీ సొంతంగా తయారు చేసుకున్నది. ఫ్రెంచ్ కంపెనీ పేరు ఇవాళ మత్తిగిరిలో ఎవరినన్నా అడిగి చూడండి, ఎవరికీ తెలీదు. అక్కణ్ణుంచి వచ్చిన విద్య మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

టీవీఎస్ కథా అట్లాంటిదే. 1980లో ఇక్కణ్ణుంచి టీవీఎస్ 50 మోపెడ్ రోడ్డెక్కింది. తర్వాత జపాన్ సుజుకీతో పొత్తు, 1984 నుంచి వంద సీసీ బండ్లు. 2001లో ఆ పొత్తు విడిపోయింది. అప్పుడు 'ఇంక పని అయిపోయింది' అనుకున్నవాళ్లు చాలామంది. అదే ఏడాది సొంత ఇంజనీర్లు చేసిన విక్టర్ బండి వచ్చింది. 2013లో జర్మనీ బీఎండబ్ల్యూ వాళ్లు వచ్చి టీవీఎస్‌తో చేయి కలిపారు, ఆ ఒప్పందం కింద తయారైన బండ్లు హోసూరు నుంచి ఐరోపాకూ అమెరికాకూ పోతున్నాయి. 1980ల్లో మనం నేర్చుకునేవాళ్లం, ముప్పై ఏళ్లకు మన దగ్గర చేయించుకుంటున్నారు. మధ్యలో జరిగింది ఏమిటంటే, రెండు తరాల ఫిట్టర్లు, టర్నర్లు, టూల్ రూమ్ పనివాళ్లు తయారయ్యారు. మీ వీధిలోనే ఒకరిద్దరు రిటైరయి ఉంటారు, పిల్లలను ఓసారి వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి.

ఇప్పుడు వస్తున్న కంపెనీల తీరు కాస్త వేరు. డెంకణికోట దారిలో టాటా ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఐఫోన్ విడిభాగాలు చేస్తున్నారు. కృష్ణగిరి పక్కన తైవాన్‌కు చెందిన డెల్టా ఎలక్ట్రానిక్స్ ఉంది. పోచంపల్లిలో ఓలా, హోసూరులో ఏథర్, రెండూ కరెంటు స్కూటర్లు. వేలమంది కావాలి, అదీ తొందరగా కావాలి. 2022లో టాటా ఎలక్ట్రానిక్స్‌లో పని కోసం జార్ఖండ్ నుంచి వందలమంది గిరిజన యువతులు ప్రత్యేక రైలెక్కి వచ్చారు. అప్పుడు మన దగ్గర "మా ఊళ్లో పని మాకు లేదా" అని గొడవ కూడా జరిగింది. ఆ ఆడపిల్లలను అనడానికి ఏమీ లేదు. రెండు వేల కిలోమీటర్లు దాటి, భాష తెలియని ఊరికి వచ్చి హాస్టల్లో ఉంటూ పని చేస్తున్నారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి. మనం చూడాల్సింది వేరే విషయం. కొన్ని వారాల్లో నేర్పగలిగే పనికి మనిషిని ఎక్కణ్ణుంచైనా తెచ్చుకోవచ్చు. రెండేళ్లు నేర్చుకుంటేగానీ రాని పనికి అట్లా తెచ్చుకోలేరు. సీఎన్‌సీ మిషన్ సెట్ చేసేవాడూ, అచ్చు తయారు చేసేవాడూ, లైను ఆగిపోతే ఎక్కడ తప్పు జరిగిందో కనిపెట్టేవాడూ ఎవరికైనా కావాలి.

ఆ రెండేళ్ల చదువు పేరు ఐటీఐ. మన ఇళ్లల్లో ఐటీఐ అంటే ఇంకా చిన్నచూపే. "మార్కులు రాలేదా, అయితే ఐటీఐకి పంపు" అంటారు. 2023లో రాష్ట్రంలోని 71 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి సుమారు 2,877 కోట్ల ఖర్చుతో కొత్తగా తయారు చేశారు. రోబోలు, సీఎన్‌సీ, కరెంటు బండ్ల మరమ్మతు లాంటివి అక్కడ నేర్పుతున్నారు. పేరుకు మాత్రమే ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ల ఫీజు కట్టి, తర్వాత అదే లైనులో హెల్పర్‌గా నిలబడటంకంటే ఇది మేలని మా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు, వచ్చి వాదించండి.

ఫ్యాక్టరీ ఇష్టం లేని పిల్లలూ ఉంటారు, భూమి ఉన్న ఇళ్లూ ఉంటాయి. తళిలో భారత్, ఇజ్రాయెల్ వ్యవసాయ సహకారంతో పెట్టిన పూల సాగు కేంద్రం ఉంది. పాలీహౌస్‌లో నీరు, ఎరువు ఎంత కొలతతో ఇవ్వాలో, కోసిన పువ్వును ఎట్లా నిలవ ఉంచాలో అక్కడ చూపిస్తారు. ఫిబ్రవరి వస్తే మన వైపు గులాబీలు సింగపూరుకూ గల్ఫుకూ విమానమెక్కుతాయి, కెన్యా, ఇథియోపియా పూలతో పోటీ పడాలి కాబట్టి కాడ పొడవూ, పూత రోజూ లెక్క తప్పకూడదు. ఇదీ నైపుణ్యమే. మీ పొలం తళికి పది మైళ్లలో ఉండి ఇంతవరకూ అక్కడికి పోలేదంటే ఈ సెలవుల్లో పిల్లవాణ్ణి తీసుకొని పోండి.

ఇంక విదేశాల సంగతి. జపాన్‌తో మన దేశానికి రెండు దారులున్నాయి. 2017 అక్టోబరులో కుదిరిన సాంకేతిక శిక్షణార్థుల ఒప్పందం ఒకటి, 2021 జనవరిలో కుదిరిన 'నిర్దిష్ట నైపుణ్య కార్మికుల' ఒప్పందం రెండోది. మొదటి పద్ధతిని జపానే మార్చేస్తోంది, 2027 ఏప్రిల్ నుంచి దాని బదులు కొత్త చట్టం అమలు కావాలి. రెండోదాంట్లో ముసలివాళ్ల సంరక్షణ, వ్యవసాయం, హోటలు పని, వాహనాల మరమ్మతు లాంటి రంగాలున్నాయి. 18 ఏళ్లు నిండాలి, ఆ పనిలో పరీక్ష పాసవ్వాలి, జపాను భాషలో ఎన్-4 స్థాయి గానీ దానికి సమానమైన పరీక్ష గానీ పాసవ్వాలి. మొదటి దశలో ఐదేళ్ల వరకు ఉండవచ్చు. జర్మనీ 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. అక్కడా భాషే గడప.

భాష అనగానే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. తెలుగు మీడియం కదా, ఇంగ్లీషే సరిగ్గా రాదు, జపాను ఎక్కడొస్తుంది అంటారు. ఒక చిన్న వాక్యం చూడండి. "నేను బడికి వెళ్తాను." జపానులో "వతాషి వా గక్కో ని ఇకిమాస్". వతాషి అంటే నేను, గక్కో అంటే బడి, ని అంటే మన 'కి', ఇకిమాస్ అంటే వెళ్తాను. మాటల వరస మనదే. క్రియ చివర్లో, విభక్తి మాట వెనకాల. ఇంగ్లీషులో తలకిందులుగా చెప్పాల్సింది ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. లిపి కష్టమే, అది అబద్ధం చెప్పం. కానీ మన పిల్లలు ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు అని నాలుగు భాషల మధ్య పెరుగుతున్నారు. పెద్ద పట్నం పిల్లలకు ఈ అలవాటు అంత సులభంగా రాదు.

తమిళం గురించి కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. మాతృభాషలో చదివే హక్కు కోసం, పదో తరగతి తమిళ పేపరు మినహాయింపు కోసం మన పెద్దలు కోర్టులదాకా పోయారు, అది న్యాయమైన పోరాటం. కానీ 2021 డిసెంబరు నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల్లో తమిళ పేపరు తప్పనిసరి, 40 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. కంపెనీల్లోనూ సూపర్‌వైజర్ మాట తమిళమే. హక్కు వేరు, అవసరం వేరు. తెలుగును గట్టిగా పట్టుకున్న పిల్లవాడు తమిళం నేర్చుకుంటే తెలుగు కరిగిపోదు.

విదేశీ ఉద్యోగమనగానే ఏజెంట్లూ వస్తారు. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే నగలు కుదువపెట్టి డబ్బు కట్టి మోసపోయిన కుటుంబాలు మన పూర్వ విద్యార్థుల్లోనే ఉన్నాయి. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు మాత్రమే మనుషులను పంపవచ్చు. అతడు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడవచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికే 1978 నుంచి విదేశీ ఉద్యోగాల కార్పొరేషన్ ఉంది, చెన్నైలో. విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఇంకొకటి, మన బడికి నేరుగా సంబంధించింది. పది పాసు కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా 'వలస తనిఖీ అవసరం' కోవలోకి వస్తుంది. గల్ఫు దేశాలు, మలేషియా సహా 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్లు ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఆ తనిఖీ ఉండదు. తొమ్మిదిలో బడి మానేసి వర్క్‌షాపుకి పోతానంటున్న పిల్లవాడికి ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి. మేము చెప్పేదానికంటే మేనమామ చెబితే ఇంకా బాగా వింటాడు.

చివరగా పేరు సంగతి. మన ఇళ్లల్లో ఇంటిపేరు ముందు రాసుకుంటాం. తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్ అవుతుంది. ఆధార్‌లో ఒకటి, మార్కుల పట్టీలో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. రేపు పాస్‌పోర్టు దగ్గరా, వీసా దగ్గరా ఆగిపోయేది ఇక్కడే. పదో తరగతి నామినల్ రోల్‌లో ఏ పేరు పడితే అదే సర్టిఫికెట్లో వస్తుంది, తర్వాత మార్చుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి పదో తరగతి పిల్లలు పేరు ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలో, ఇనిషియల్ ఏదో, ఇంటిపేరు చేర్చాలో వద్దో ఇంట్లో అడిగి, ఆధార్ నకలు తీసుకొని, నామినల్ రోల్ పోకముందే తరగతి ఉపాధ్యాయుల దగ్గర సరిచూసుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరు వెంట వస్తే మంచిది.