పంట రుణమే పాఠం

కామారెడ్డి జిల్లా పోచారం ప్రాజెక్టు కింద వరి పండించే ఇళ్లలోని బీకాం పిల్లలు బ్యాంకు ఇంటర్వ్యూ అనగానే హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల బాట పడుతున్నారు. గ్రామీణ బ్యాంకుల్లో ఆఫీస్ అసిస్టెంటు కొలువుకు ఇంటర్వ్యూయే లేదు. స్కేల్-1 ఆఫీసరుకు ఉంది. ఆ ఇంటర్వ్యూ బోర్డు ముందు బట్టీ పట్టిన ఇంగ్లిష్ వాక్యాలు, మెడలో టై ఎంతసేపు నిలబెడతాయి?

కోచింగ్‌కు బదులు ముందు ఇంట్లోని పంట రుణం సంగతి అడగండి. కిసాన్ క్రెడిట్ కార్డుపై వడ్డీ 7 శాతం; గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే. మరి నాన్న గడువు ఎందుకు దాటించాడు? ధాన్యం డబ్బులు ఆలస్యమయ్యాయా, మాఫీ వస్తుందని ఆగాడా? వరిలాంటి స్వల్పకాలిక పంటల అప్పు గడువు దాటి రెండు సీజన్లు కట్టకపోతే మొండి బాకీ అవుతుంది. ఈ లెక్క సొంత మాటల్లో చెప్పగలిగినవాడికి సగం ఇంటర్వ్యూ అయిపోయినట్లే. అమ్మ పొదుపు సంఘం పుస్తకం కూడా తిరగేయాలి. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిన సంగతీ తెలిసుండాలి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి డిగ్రీ కాలేజీలు స్థానిక బ్యాంకు మేనేజర్లను పిలిచి నమూనా ఇంటర్వ్యూలు పెట్టించవచ్చు. అయ్యే ఖర్చు చాయ్, బిస్కెట్లే.