ఆప్షన్లు మనమే పెట్టుకోవాలె

ప్రతి ఎండకాలం ఇంటర్ ఫలితాలు వచ్చినంక బీర్పూర్, సారంగాపూర్, ధర్మపురి దిక్కున మన వాడలకు కొత్త చుట్టాలు వస్తరు. చేతుల రంగుల కాయితాలు, నోట్ల తియ్యటి మాటలు. ‘ఫీజు లేదు, బస్సు మాదే, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్తే చాలు, అంతా మేమే చూసుకుంటం’ అంటరు. తల్లి బీడీలు చుట్టుకుంట వింటది. తండ్రి దుబాయిలనో మస్కట్లనో ఉంటడు. పిలగాడు ఓటీపీ చెప్తడు. మూడేండ్ల సదువు ఎక్కడ సాగాలన్న నిర్ణయం రెండు నిమిషాలల్ల పరాయోని చేతికి పోతది.

భూమి పట్టా మీద ఎవరు పడితే వాళ్లు వేలిముద్ర వేయించుకుంటే ఊరుకోం. మరి పిల్లల బతుకు మీద వేయించుకుంటే ఎందుకు ఊరుకుంటున్నం?

2016 నుంచి డిగ్రీ సీట్లు చాలమట్టుకు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతిల నిండుతున్నయి. మన జిల్లా కాలేజీలు 2008ల పుట్టిన శాతవాహన యూనివర్సిటీ కింద ఉన్నయి, అంతకుముందు కాకతీయ కింద ఉండె. పట్టా మీద యూనివర్సిటీ పేరు ఒక్కటే. కాని ఆ పేరు కింద ఉన్న కాలేజీలు ఒక్కతీరుగ లేవు. ఒక దాంట్ల లైబ్రరీ, లాబు, పర్మినెంటు లెక్చరర్లు ఉంటరు. ఇంకోదాంట్ల నాలుగు గదులు, ఒక బోర్డు ఉంటది. అందుకే ‘డిగ్రీల చేరిండు’ అంటే సరిపోదు. ఏ కాలేజీల చేరిండన్నదే అసలు ప్రశ్న.

ముందుగ సీటు ఎట్ల ఇస్తరో మనోళ్లకు తెల్వాలె. కంప్యూటర్ మార్కుల వరుసల, రిజర్వేషన్ చూసుకుంట పోతది. నీ వంతు వచ్చినప్పుడు నీ మొదటి ఆప్షన్ల సీటు ఉన్నదా అని చూస్తది. లేకుంటే రెండోది, మూడోది. పెద్ద కాలేజీని మొదట పెడితే కింద పెట్టిన చిన్న కాలేజీ పోదు. కాని చిన్నదాన్ని మొదట పెట్టి అది దొరికితే, పైదాన్ని కంప్యూటర్ ఆ విడతల ఇగ చూడనే చూడదు. మన పిల్లలు సరిగ్గ ఇక్కడనే ఓడిపోతున్నరు. మార్కులు తక్కువై కాదు, ‘అది మనకేడ వస్తది’ అన్న భయంతోని. ఆ భయం పిల్లలది కాదు, తాతముత్తాతల నాటి నుంచి మన నెత్తిన పెట్టిన మూట. పెద్ద కాలేజీలల్ల గూడ ఎస్సీలకు నూటికి 15 సీట్లు ఉన్నయి. 2025 ఏప్రిల్ 14 నుంచి అవి మూడు గ్రూపులుగ 1, 9, 5 శాతం లెక్కన పంచబడ్డయి. మనోళ్లు ఎవ్వరూ అడగకపోతే ఆ సీటు మనది కాకుంటనే పోతది.

బీర్పూర్ పిల్లకు జగిత్యాల ఎస్.కె.ఎన్.ఆర్. కాలేజీ ఉన్నది. మహిళా డిగ్రీ కాలేజీ ఉన్నది. కరీంనగర్‌ల 1956 నుంచి నడుస్తున్న ఎస్.ఆర్.ఆర్. కాలేజీ ఉన్నది. అదే దోస్త్‌ల ఉస్మానియా కింద 1887 నాటి నిజాం కాలేజీ గూడ ఉన్నది. ఆడపిల్లలకు 2016ల మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు ఉన్నయి, తిండి, పడక, సదువు అన్నీ ఒక్కచోటనే. వాటి నోటిఫికేషన్ వేరేగ వస్తది, అది చూసుకోవాలె. ఇన్ని తలుపులుంటే ఇంటికొచ్చినోడు చూపిన ఒక్క తలుపే మనకెందుకు కనపడాలె?

ఇగ హాస్టల్ సంగతి. బాబాసాహెబ్ విద్యాసంస్థల చరిత్ర చూడండి. 1946ల బొంబాయిల సిద్ధార్థ కాలేజీ, 1950ల ఔరంగాబాద్ కాలేజీ పెట్టిండు. కాని అంతకు ఇరవై ఏండ్ల ముందే, 1925ల, బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌ల హాస్టల్ తెరిచింది. ముందు హాస్టల్, తర్వాత కాలేజీ. ఉండే జాగ లేని పిల్లగానికి సీటు ఇచ్చినా ఇయ్యనట్టే అని ఆయనకు తెలుసు. ఆయన సొంత సదువే చూడండి. లండన్ యూనివర్సిటీల ఎన్నో కాలేజీలుండంగ అర్థశాస్త్రానికి పేరున్న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ల 1916ల చేరిండు. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరంగనే 1917ల సగంల వాపసు రావలసి వచ్చింది. మళ్లీ 1920ల పోయి 1923ల డాక్టరేట్ పూర్తిచేసిండు. అంతటోనికే పైసలు లేక సదువు ఆగితే, మన పిల్లల సంగతి ముందుగాల లెక్క చూసుకోవద్దా?

2022 నవంబర్‌ల నిజాం కాలేజీ డిగ్రీ ఆడపిల్లలు కొత్త హాస్టల్ తమకే ఇయ్యాలని రోజుల తరబడి ధర్నా చేసిండ్రు. మంత్రులు దిగివచ్చిండ్రు, హాస్టల్ వాళ్లకే దక్కింది. సీటు వచ్చినంక గూడ హాస్టల్ కోసం కొట్లాడవలసి వస్తదని ఆ పోరాటం చెప్పింది. కొట్లాడితే వస్తదని గూడ చెప్పింది.

పైసల సంగతి గూడ ఇప్పుకోవాలె. ఫీజు రీయింబర్స్‌మెంట్ మన హక్కు. కాని ఆ పైసలు సర్కారు టైముకు ఇయ్యది. 2024 అక్టోబర్‌ల బకాయిల కోసం ప్రైవేటు డిగ్రీ కాలేజీలు మూతబడ్డయి. సర్కారు బాకీ పడితే యాజమాన్యం పిల్లల మెడ మీద కూసుంటది. మెమో ఇయ్యరు, టీసీ ఇయ్యరు. ‘ఫీజు లేదు’ అన్న మాట చేరేదాకనే. ఇంకో మోసం, ఆఖరికి ‘స్పాట్’ సీటు అని చేర్పిస్తరు. స్పాట్‌ల చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ ముక్క ప్రతి తల్లికి చెప్పాలె.

సర్కారు కాలేజీ అంటే స్వర్గమని మేము అనం. లెక్చరర్లు లేక గెస్ట్‌లతోని గడిపే కాలేజీలు ఉన్నయి. అందుకే ఆప్షన్ పెట్టే ముందు ఐదు ప్రశ్నలు అడగాలె. నా సబ్జెక్టుకు పర్మినెంటు లెక్చరర్ ఉన్నడా? హాస్టల్ ఉన్నదా, ఎస్సీ హాస్టల్ ఎంత దూరం? ఫీజు ఎంత, అండ్ల రీయింబర్స్‌మెంట్ ఎంత? పోయినేడు చేరినోళ్లల్ల ఎందరు పరీక్ష పాసైండ్రు? మా ఊరి నుంచి బస్సు ఎన్ని గంటలకు? 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీల ఆడోళ్లకు టికెట్ లేదు. కాబట్టి ‘దూరం’ అని ఆడపిల్లను జగిత్యాలకు పంపకపోవుడుకు ఇగ బస్సు కిరాయి సాకు చెల్లదు. బస్సే లేకుంటే డిపో ముందట కూసుందాం.

సంఘం కార్యకర్తలకు మా మాట. ఆప్షన్ల రోజులల్ల ప్రతి ఊరి అంబేడ్కర్ భవనంల ఒక బల్ల, ఒక ఫోన్, చదువుకున్న ఇద్దరు పిల్లలు ఉండాలె. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిసిందా, కులం, ఆదాయం సర్టిఫికెట్లు తయారున్నయా అని నెల ముందే చూడాలె. ఇదివరకు ఆ కాలేజీలల్ల సదివిన మన పిల్లలను పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పించాలె. ఓటీపీ మాత్రం తల్లిదండ్రుల ముందట పిల్లలే కొట్టాలె.

యూనివర్సిటీని, సర్కారును మేము అడిగేది మూడే. ఏ కాలేజీల ఎందరు పర్మినెంటు లెక్చరర్లు, ఎన్ని హాస్టల్ సీట్లు ఉన్నయో ఆప్షన్లకు ముందే తెలుగుల ప్రకటించాలె. బకాయిలు ఏ ఏటికి ఆ ఏడు కట్టాలె. బాకీ పేరు మీద సర్టిఫికెట్ ఆపిన యాజమాన్యం గుర్తింపు తీసెయ్యాలె.

ఒకప్పుడు బడి గడప తొక్కనియ్యలేదు. ఇప్పుడు గడప తొక్కనిస్తరు గని ఏ గడపో వాళ్లే చెప్తమంటరు. చెప్పనియ్యొద్దు. ఈ ఏడు మన వాడల ఏ ఒక్క పిల్ల ఆప్షన్లూ పరాయోని ఫోన్‌ల పెట్టకుంట చూసుడే మన పని.

జై భీమ్.