గోడ మీది సగం వాక్యం

గుంటూరు ప్రాంతంలో క్రైస్తవుల ఇళ్లకు వెళ్తే ఎదురు గోడ మీద కనిపించే వాక్యం చాలాచోట్ల ఒకటే. యెహోషువ గ్రంథం, 24వ అధ్యాయం, 15వ వచనం. తానూ తన ఇంటివారూ ఎవరిని సేవిస్తారో యెహోషువ తేల్చి చెప్పిన మాట. అద్దాల పటంలోనో, గుమ్మం పైన రాతిపలక మీదో, సంఘం వాళ్లు పంచిన క్యాలెండరు మీదో ఉంటుంది. మిరపకోతల రోజుల్లో పొద్దుగూకాక కల్లం నుంచి వచ్చి, మండే చేతులు కడుక్కుని, కుటుంబ ప్రార్థనకు అమ్మమ్మలు చాప పరిచేది ఆ పటం కిందే.

అయితే పటానికెక్కేది వచనంలో చివరి ముక్క. ఎవరిని కొలుస్తారో మీరే ఈ రోజు ఎంచుకోండి అని అంతకుముందే అంటాడు యెహోషువ. షెకెములో గోత్రాలన్నిటినీ పిలిపించి మాట్లాడుతున్న ముసలివాడు. 110 ఏళ్లు బతికినవాడు. శాసించగల పెద్దరికం ఉండీ ఎంపిక వాళ్లకే వదిలాడు. పూర్వికులు నది అవతల వేరే దేవుళ్లను పూజించిన సంగతీ దాచలేదు. తర్వాతి గ్రంథమైన న్యాయాధిపతులు తెరిస్తే, రెండో అధ్యాయంలోనే యెహోవాను ఎరుగని తరం వచ్చేసింది. అంతటివాడి మాటకే ఆ గతి పడితే మన క్యాలెండరు ఏపాటిది?

బైబిల్లో తరాల విశ్వాసం గురించి చెప్పేటప్పుడు బోధకులు తిమోతి ఇంటిని చూపిస్తారు. ఆ ఇల్లూ ఒకే రంగుది కాదు. తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. అవ్వ లోయి, తల్లి యునీకే, ఆ ఇద్దరి విశ్వాసాన్నే పౌలు తలుచుకుంటాడు. అక్కడ తండ్రి ఊసు లేదు.

యెహోషువ పేరే మరో రూపంలో జాషువా. 1895లో వినుకొండలో ఆ పేరుతో ఒక బిడ్డ పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇంటిమతం క్రైస్తవం. ఊళ్లో కులం ఆ పిల్లవాణ్ణి దూరం పెట్టింది. పెద్దయ్యాక, హిందూ పురాణ కథలను పద్యాల్లో రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలూ దూరం పెట్టారు. ఈ రెండో వెలి గురించి మనం అంతగా మాట్లాడుకోం. ఆ గుర్రం జాషువా గారికే ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

దానికి నాలుగేళ్ల ముందు, 1960లో, ఆయన కూతురు హేమలత నాస్తికోద్యమకారుడు గోరా గారి కుమారుడు లవణాన్ని పెళ్లాడారు. క్రీస్తు కథను పద్యాల్లో పెట్టిన తండ్రి. దేవుడు లేడనే ఇంటికి కోడలైన కూతురు. వచనంలోని మొదటి ముక్క ఆ ఇంట్లో నిజంగా అమలైంది. దాంతో ఇల్లేమీ కూలలేదు. తండ్రి పేరిట జాషువా ఫౌండేషన్ నెలకొల్పింది ఆ కూతురే.

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సంగతీ ఇక్కడ చెప్పాలి. బ్రిటిషు ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన ఎరుకల వాళ్లను అక్కడ ఉంచి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టింది. దశాబ్దాల తర్వాత అదే ఊరికి, దొంగతనాలు మాన్పించే పని మీద, హేమలతా లవణం దంపతులు వెళ్లారు. మొదట వెళ్లినవాళ్ల చేతిలో బైబిలు ఉంది, తర్వాత వెళ్లినవాళ్ల చేతిలో లేదు. వాకిట్లోకి వచ్చి కూర్చున్న మనిషి చేతిలో ఏ పుస్తకం ఉందో ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎంతవరకు పట్టించుకుని ఉంటారంటారా?

ఇప్పుడు ఆ పటం కింద చాప పరిచిన అమ్మమ్మల మనవలు హైదరాబాదులో, డల్లాసులో ఉంటున్నారు. ఆదివారం ఫోనులో అమ్మమ్మ మొదటి ప్రశ్న, గుడికెళ్లావా అని. కాసేపు అవతల చప్పుడుండదు. పటం వైపు ఒకసారి చూసి ఆవిడే అందుకుంటుంది: “కొత్త కారం పట్టించాను నాయనా, ఈస్టరుకు వస్తే పట్టుకెళ్దువు.”