పండుగ సెలవులలో విశ్రాంతి యెవరికి?

సెలవు లనగా శరీరమునకు గూడ సెలవేయని తలంచువారు విద్యార్థులలోనే గాక పెద్దలలోను కలరు. ఈ తలంపు సరియైనది కాదని మా యభిప్రాయము. అంతకంటె ముఖ్యముగా, మన ప్రాంతమున పండుగ సెలవులు విశ్రాంతి నిచ్చుచున్నవా, లేక ఉన్న విశ్రాంతిని సయితము హరించుచున్నవా యని విచారింపవలసి యున్నది.

మిషను పాఠశాలలకు దసరా సెలవులను కొంత తగ్గించి క్రిస్మసునకు హెచ్చించి యిచ్చుట వాడుక. వెనువెంటనే నూతన సంవత్సరము, మరి కొన్ని దినములకే సంక్రాంతి సెలవులు వచ్చును. ఈ నెల దినములును వేళకు నిద్ర లేక, వేళకు భోజనము లేక, నడక యనునది మొదలే లేక గడచిపోవుచున్నవి. ఓళిగలు, కజ్జికాయలు, అరిసెలు, బెల్లపు పాకముతో కట్టిన వేరుసెనగ ఉండలు తినరాదని మేము చెప్పము. పండుగనాడు తిననివా డెన్నడు తినును? పండుగ గడచిన పిమ్మట పదునైదు దినములు డబ్బా ప్రక్కన నుంచుకొని, చేతిఫోను చూచుచు, ఆకలి లేకయే నములుచుండుటయే కీడు. అమెరికాలో 195 మంది పెద్దలను తూచి చూచిన వైద్యులు 2000 సంవత్సరమున ప్రకటించిన దేమనగా, నవంబరు నడుమనుండి జనవరి వరకు మనుష్యునికి సగటున 370 గ్రాముల బరువు పెరుగుచున్నదట. ఇది స్వల్పమే. అయితే పెరిగినది తరువాతి నెలలలో తరుగుట లేదని కూడ వారు కనుగొనిరి. పది క్రిస్మసులకు ఎంతయగునో గణితము నేర్చినవారు లెక్క వేసికొందురు గాక.

దేహపరిశ్రమ విలువను గూర్చి 1953లో జెరెమీ మారిస్ అను ఆంగ్లవైద్యుడు తన సహచరులతో కూడి ప్రకటించిన పరిశోధన మాకు మిక్కిలి యిష్టము. లండనులో రెండంతస్తుల బస్సులు నడపు డ్రైవర్లు దినమెల్ల కూర్చుండియే యుందురు. కండక్టర్లు చీట్లిచ్చుచు మెట్లెక్కుచు దిగుచు నుందురు. ఒకే బస్సు, ఒకే వీధి; అయినను గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా నుండెను. మనకు మెట్లు కావలెనన్న లండను పోనక్కరలేదు. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుగొండలో కోటకొండ యున్నది. డిసెంబరు ఉదయమున, ఎండ ముదురకమునుపు, తోడు లేక పోక, నీరు వెంటగొని ఆ కొండ యెక్కివచ్చు బాలునికి వేరు వ్యాయామము అక్కరలేదు. హిందూపురమువారికి, ధర్మవరమువారికి చెరువుకట్ట యున్నది. అయిదు మొదలు పదునేడేండ్లవరకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములైనను దేహపరిశ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. సెలవు దినములకు మినహాయింపు చెప్పినట్లు మేమెరుగము. 1920లో హెచ్. సి. బక్ దొరగారు మద్రాసులో వై. ఎమ్. సి. ఎ. పక్షమున వ్యాయామోపాధ్యాయుల విద్యాలయమును స్థాపించినది, ఆటలు బడిగంటతో ముగిసిపోవుటకు కాదు గదా!

ఇక మనస్సు మాట. బేతనియ గ్రామమున మార్త యనేక పనులచేత తొందరపడి విసిగిన సంగతి మన బిడ్డలందరు ఆదివారపు బడిలో విన్నదే. ఆ కథ చెప్పునప్పుడు మార్తను తక్కువగా చూచుట మనకు వాడుకయైనది. ఆమెకు అంట్లు తోమిపెట్టువా డొక్కడును ఆ యింట లేకపోయెనని మాత్రము ఎవ్వరును తలపరు. బెంగుళూరునుండి బంధువులు రైలు దిగుదురు; ఇల్లు కలకలలాడును; తల్లి నాలుగు గంటలకు లేచి అర్ధరాత్రమునకు నడుము వాల్చును. అందరి సెలవులును ఆమె వీపుమీదనే నడచుచున్నవి. రాత్రి కీర్తనలకు మైకు పెట్టుదురు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు మైకులు కూడదని 2000 నాటి నిబంధనలు చెప్పుచున్నను వినువారు తక్కువ. కర్మాగారములలో వంతుపని చేసి వచ్చినవాడు ఆ వీధిలోనే కన్నుమూయ జూచుచుండును. మైకు లేక పాడిన కీర్తన దేవునికి వినబడదా?

ధర్మవరమున పట్టుచీరలు నేయు నిండ్లలో ఈ భారము మరియొక విధముగా నుండును. తండ్రి గుంటమగ్గములో కాళ్ళు దింపి కూర్చుండును. తల్లి కండెలు చుట్టును, తెగిన పోగు లతుకును. మాఘమాసపు పెండ్లిండ్లకు చీరలు ముందుగానే సిద్ధము కావలెను గనుక, ఇతరులకు సెలవులైన దినములే వారికి పని ముమ్మరము. ఒకవైపు ముడిపట్టు ధర, మరియొకవైపు మరమగ్గముల పోటీ. ఆ నడుమ పండుగ వచ్చి బిడ్డలకు క్రొత్తబట్టలు అడుగును. చేబదులు, వడ్డీ, కంతు అను మాటలు ఆ యింటి పిల్లలకు ఎక్కములకంటె ముందు వచ్చును. అప్పుల బాధ కోర్వలేక ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర వార్తలు పత్రికలలో పలుమారు చదివి యున్నాము. కాబట్టి మనోవ్యాకులతకు దీర్ఘశ్వాసలు మాత్రమే మందని మేము చెప్పజాలము. నడక మేలు చేయును. నిద్ర మేలు చేయును. ప్రార్థన మేలు చేయునని మా విశ్వాసము. అప్పు మాత్రము తీర్చినగాని తీరదు. మొదలే చేయకుండుట దానికంటె సులభము.

విద్యార్థులారా, ఇంట తండ్రి మాటలాడుట మానినను, తల్లి భోజనము చేయకున్నను మీకే ముందు తెలియును. మీలో మీరు కుములక, ఉపాధ్యాయునితోనో, సంఘకాపరితోనో, మేనమామతోనో చెప్పుడు. 2022లో ప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకయే తెలుగులో మాటలాడుదురు. అట్లు చేయుట అవిశ్వాసము కాదు. జ్వరమునకు వైద్యునియొద్దకు పోవుట ఎట్టిదో యిదియు నట్టిదే.

పాఠశాలలు చేయదగిన పని యొకటి కలదు. క్రిస్మసు కార్యక్రమమునకు దేవదూతలకు తెల్లపట్టు, గొల్లలకు క్రొత్త కంబళ్ళు, పాటపాడువారి కందరికి ఒకే రంగు బట్టలు తెమ్మని వర్తమానము పంపుదుము. ఆ చీటి యే యింట ఎట్టి రాత్రిని తెచ్చునో మనము చూడము. పాక పశువులతొట్టిలో పండిన శిశువు జన్మమును ఉదికిన బడిదుస్తులతోనే ఆడి చూపవచ్చును. గొల్లలకు కావలసిన కంబళ్ళు మన యిండ్లలో పాతవే యున్నవి. ఈ సంగతిని ఈ సంవత్సరము నవంబరులోనే, బట్టల దుకాణములవారు తోరణములు కట్టకమునుపే, తలిదండ్రుల సమావేశమున ప్రస్తావింప దలచి యున్నాము.