ఆయిల్ కూలరు కొనుటకు ముందు

ట్రాక్టరు గేరుబాక్సు వేడెక్కినచో బయట నొక ఆయిల్ కూలరు బిగించిన చాలునని చెప్పువారు కలరు. నారాయణఖేడ్ ప్రాంతపు రైతుసోదరు లట్టి మాట విని సొమ్ము వెచ్చించుటకు ముందు కొంత విచారింపవలయునని మా మనవి.

వేడి నూనెకు శత్రువనుట సత్యము. ఉష్ణము 10 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినకొద్దీ నూనె చెడు వేగ మించుమించు రెండింత లగునని ఇంజనీర్లు లెక్కింతురు. కాని ఆ వేడి యెచ్చటనుండి పుట్టుచున్నదో ముందు తెలిసికొనవలయును. సాధారణపు గేర్ల ట్రాక్టరులో పుట్టు వేడి స్వల్పము. ఇనుప పెట్టెయే దానిని గాలికి విడుచును. అది మితిమీరి కాగినచో నూనె తగ్గియుండవచ్చును, తగని రకము పోసియుండవచ్చును, ట్రాలీలో బరువు హెచ్చియుండవచ్చును, నూనెలో మునిగియుండు బ్రేకులు పట్టియుండవచ్చును. దమ్ము చేయునపుడు నీరు చొచ్చిన నూనె పాలవలె తెల్లబడును. వీనిని సవరింపక కూలరు పెట్టుట తెగులు తెలియక మందు చల్లుట వంటిది. పైగా చక్రములు నూనెను చిమ్ముటయే గాని పంపు లేని గేరుబాక్సులో కూలరునకు నూనె చేరుటకే దారి లేదు.

హైడ్రోస్టాటిక్ కోతయంత్రముల సంగతి వేఱు. అందు నూనెయే బలమును మోయును గనుక కూలరు కర్మాగారముననే అమర్పబడి యుండును. సోయా, కంది కోతలలో దాని రెక్కలను దుమ్ము, పొట్టు మూసివేయును. ప్రతిదినము గాలితో లోపలినుండి వెలుపలికి ఊదించుట క్రొత్త కూలరుకంటె మేలు. కోతనాడు యంత్రము నిలిచి, అకాలవర్షము కురిసినచో నష్టము పంటకే గదా!

ఆటోమేటిక్ గేర్ల బండితో తఱచుగా బరువు లాగువారికి మాత్రము అదనపు కూలరు ఉపయోగకరము. దానిని గేరుబాక్సునకు నూనె మరలివచ్చు గొట్టమునందు, రేడియేటరు తరువాత చేర్చి, ఎదురుగాలి తగులుచోట గట్టిగా బిగింపవలయును. నీటిగొట్టము పనికిరాదు, నూనెకు తగిన గొట్టమే వాడవలయును. బండిని నడిపి, కారుటయు నూనె మట్టమును మరల చూడవలయును. కంపెనీ హామీపత్రమును ముందే చదువవలయును.

మెకానిక్కు పరీక్షించి వ్రాసి యిచ్చిన అభిప్రాయము లేనిదే ఇట్టి సామగ్రికి సంఘము అప్పు ఇయ్యరాదని మా యభిప్రాయము. దానికంటె సభ్యులందఱు కలిసి మేలురకపు నూనెను టోకున కొనుట లాభకరము. అప్పు దొరకుట సులభము, తీర్చవలసినది పంటయే.