మచ్చ కనబడితే మందేనా?

చెనిక్కాయ చేలో ఆకుముడత కనబడగానే తిరుపతి, చిత్తూరు పల్లెల్లో వినబడేది ఒకటే మాట: 'పురుగు మొండిదైపోయింది, ఇంకా గట్టి మందు కావాల.' అంగట్లోనూ అదే పాట. అక్కడ వేరే పాట పాడితే సరుకెట్లా కదుల్తుంది! నిజానికి చాలాచోట్ల పురుగు మొండిదవడం కాదు, దానికి తగలని రోజున మనం కొడుతున్నాం.

దీని తల్లి బూడిదరంగు చిన్న రెక్కల పురుగు. గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటపడి ఆకు పొరల మధ్యకు దూరుతుంది. నడిమి ఈనె పక్కన గోధుమరంగు మచ్చ ఉన్న ఆకును ఎండకెత్తి పట్టండి: నల్ల తల, పచ్చటి ఒళ్లు, లోపల మేస్తూ కనబడుతుంది. అయిదారు రోజులయ్యాక బయటికొచ్చి, ఆకును మడిచి, పక్క ఆకులతో కలిపి దారాలల్లి అందులో కాపురం పెడుతుంది. ప్యూపా అయ్యేదీ ఆ ముడతలోనే. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా మూడు నాలుగు వారాలు. చేను మాడినట్టు కనబడి రైతు పరుగెత్తే రోజుకు ఎన్నో ముడతల్లో మిగిలింది మేత మానేసిన ప్యూపానే. దాని మీద మందు పోసి, చావలేదని ఇంకో డబ్బా కొంటాం.

ఆ డబ్బా ఊరికే పోదు. ఆకుముడత పురుగులో గుడ్లు పెట్టి దాన్ని లోపల్నుంచి తినేసే చిన్న కందిరీగల జాతులు చాలా ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వాటిని పరిశీలించి నమోదు చేశారు. దొరికిన మందల్లా పిచికారీ చేస్తే ముందు చచ్చేది ముడత బయట తిరిగే ఈ కూలి అడగని కాపలాదార్లే.

'చేను ఎర్రబడుతుంటే చేతులు ముడుచుకోమంటారా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పు తెచ్చి విత్తిన మానావారి రైతుకు ఓపిక నేర్పే హక్కు ఎవరికీ లేదు. నేను చెప్పేది లెక్కపెట్టమని. మొలిచిన నెలలోపు మొక్కకు సగటున 5 బతికున్న పురుగులుంటే మందు అవసరమే. పైరు ముదిరేకొద్దీ ఆ లెక్క 10కి, 15కి పెరుగుతుంది. వాన వెనకబడితే ఈ పురుగు చెలరేగుతుంది, గట్టి వాన కొడితే తగ్గుతుంది. కాబట్టి వారానికోసారి చేలో అక్కడక్కడా మొక్కలు పట్టి, ముడతలు విప్పి చూడాల. ప్యూపాలూ ఖాళీ ముడతలూ ఎక్కువగా ఉంటే ఆ రోజు పంపు ఇంట్లోనే పెట్టండి.