పడని బంతి లెక్క ఎవరు రాస్తారు?

విజయవాడ గవర్నర్‌పేటలో టీ కొట్టు దగ్గర పేపరు తిరగేసే మనిషికి క్రికెట్ స్కోరుకార్డు చదవడం ఎవరూ నేర్పలేదు. టీ20లో నలభై బంతులు తిని ముప్పై పరుగులు చేసినవాణ్ని మెచ్చుకోనక్కర్లేదని అతనికి తెలుసు. పరుగుల పక్కన బంతులెన్నో వెతికి చూసుకుంటాడు. అదే పేజీ అడుగున కాలేజీల బాస్కెట్‌బాల్ వార్త ఉంటే అందులో మూడే ముక్కలుంటాయి: గెలిచిన జట్టు, ఇరుజట్ల స్కోరు, ఎక్కువ పాయింట్లు చేసిన ఆటగాడి పేరు. ఆ ఇరవై పాయింట్ల కోసం అతను ఎన్నిసార్లు షాట్ వేశాడో ఉండదు. ఇందుకు విలేకరిని అని లాభం లేదు, ఆ సంగతి ఎక్కడా రాసి ఉంటే గదా!

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాల ప్రకారం టేబుల్ దగ్గర స్కోరర్ నింపే షీటు చూడండి. రెండు పాయింట్ల బాస్కెట్ పడితే జట్టు స్కోరు వరుసలో ఆ అంకె మీద ఏటవాలు గీత, పక్కనే ఆటగాడి జెర్సీ నంబరు. మూడు పాయింట్లదైతే ఆ నంబరు చుట్టూ సున్నా చుడతారు. ఫ్రీ త్రో పడితే నల్లచుక్క. ఫౌల్ చేస్తే పేరుకెదురుగా ఒక అక్షరం, అలాంటివి ఐదు నిండితే ఆటగాడు బయటికి. టైమవుట్లు సైతం వదలని పకడ్బందీ కాగితం. అయినా గురి తప్పిన షాటుకు అందులో గడి లేదు. పడని బంతిని అందుకునే రీబౌండ్‌కు లేదు, చేజేతులా బంతి పోగొట్టుకున్నదానికీ లేదు. గెలుపోటములు తేల్చడానికి తయారైన షీటు అది, దాన్ని తప్పుపట్టలేం. ప్రొఫెషనల్ లీగుల్లో గణాంకాలు రాసేవాళ్లు విడిగా కూర్చుంటారు. మన జిల్లా పోటీల్లో చాలావాటికి ఆ రెండో బల్ల ఉండదు. నా వాదనంతా ఆ బల్ల వేయమనే. అది కూడా అన్ని లెక్కల కోసం కాదు, ముందుగా పడని షాట్ల కోసం.

ఎందుకంటే బాస్కెట్‌బాల్‌లో ఇరుజట్లకూ బంతి దాదాపు అన్నేసిసార్లే చేతికొస్తుంది. ఒకరి షాట్ పడ్డాకో, తప్పిన షాట్ ఎదుటివారికి చిక్కాకో, బంతి పోగొట్టుకున్నాకో రెండోవారి వంతు. కాబట్టి ఎవరు ఎన్ని పాయింట్లు చేశారన్నదాని కన్నా, వచ్చిన వంతుల్ని ఎలా వాడుకున్నారన్నదే ఆటను తేలుస్తుంది. పది షాట్లలో పదహారు పాయింట్లు చేసిన ఆటగాడూ, ఇరవై నాలుగు షాట్లలో ఇరవై రెండు చేసిన ఆటగాడూ ఒకే జట్టులో ఉన్నారనుకోండి. మన వార్తలో పేరొచ్చేది రెండోవాడిదే. మొదటివాడికన్నా అతను తెచ్చిన ఆరు పాయింట్ల కోసం జట్టు పద్నాలుగు షాట్లు ఎక్కువ ఖర్చుపెట్టిందన్న సంగతి కోర్టులోనే ఆవిరైపోతుంది.

2018 మే 28న హ్యూస్టన్‌లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఏడో మ్యాచ్ జరిగింది. గెలిచిన జట్టు లీగ్ ఫైనల్‌కు వెళ్తుంది. సగం ఆటకు హ్యూస్టన్ రాకెట్స్ 54-43తో ముందుంది, చివరికి గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో 101-92తో ఓడింది. మన పద్ధతిలో రాస్తే వారియర్స్ ఆటగాడు డ్యురాంట్‌కు 34 పాయింట్లు, రాకెట్స్ ఆటగాడు హార్డెన్‌కు 32, ఇద్దరూ హోరాహోరీగా పోరాడారు అని వార్త ముగుస్తుంది. ఆటగాళ్లవారీ గణాంకాల పట్టిక, అంటే బాక్స్ స్కోరు, ఇంకో కథ చెబుతుంది. డ్యురాంట్ వేసిన 21 షాట్లలో 11 పడితే హార్డెన్ వేసిన 29లో 12 పడ్డాయి. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి హార్డెన్ వేసిన 13లో పడ్డవి రెండే. జట్టు మొత్తం 44 త్రీలు వేస్తే ఏడు పడ్డాయి, వరసగా 27 పడలేదు. ఆ మ్యాచ్ ఎలా చేజారిందో చెప్పేవి ఆ ఇరవై ఏడే. ఫిబా స్కోర్‌షీటులో వాటి జాడ కూడా ఉండదు.

కాగితం విలువ తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీ అనే చిన్న ఊళ్లో జరిగిన ఎన్‌బీఏ మ్యాచ్‌లో విల్ట్ చాంబర్లేన్ ఒక్కడే 100 పాయింట్లు చేశాడు. ఆ ఆట వీడియో లేదు. అయినా అతను 63 షాట్లు వేస్తే 36 పడ్డాయనీ, 32 ఫ్రీ త్రోలలో 28 పడ్డాయనీ ఈనాటికీ చెప్పగలుగుతున్నాం, ఆ రాత్రి కూర్చుని రాసుకున్నవాళ్లుండబట్టి.

ఈ లెక్క రాయమనడం పాఠకుల సరదా కోసం కాదు. జట్టు ఆటలో పతకం వస్తే నలభై నిమిషాలూ ఆడినవాడికీ, బెంచి మీద కూర్చున్నవాడికీ ఒకే సర్టిఫికెట్ చేతికొస్తుంది. కాలేజీ సీట్లలో, రైల్వే కొలువుల్లో స్పోర్ట్స్ కోటాకు ఆ కాగితం తప్పనిసరి. ఇక సెలక్షన్స్ అయ్యాక, ఫలానావాడి వెనక మనిషి ఉన్నాడన్న గొణుగుడు ఎప్పుడూ ఉండేదే. అది నిజమో అపవాదో తేల్చేందుకు సెలక్టర్ దగ్గరా రుజువుండదు, గొణిగేవాళ్ల దగ్గరా ఉండదు. గుడివాడ నుంచో మచిలీపట్నం నుంచో బస్సెక్కి వచ్చిన కుర్రాడు ఆ ఒక్కరోజు కంట్లో పడకపోతే ఏడాదంతా ఆడిన ఆట లెక్కలోకి రాదు. అమ్మాయిల సంగతి మరీను, వాళ్ల మ్యాచ్‌లకు రెండు వాక్యాల వార్తే గగనం. మన తెలుగువాళ్లకూ ప్రొఫెషనల్ జట్ల పేర్లు కొత్త కాదు. యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై ఆడింది, 2025 ఐఎన్‌బీఎల్ ప్రోలో హైదరాబాద్ ఫాల్కన్స్ ఆడింది. అలాంటి జట్టు తలుపు తట్టే డెల్టా పిల్లల దగ్గర సర్టిఫికెట్ల ఫైలు తప్ప తమ ఆట తాలూకు ఒక్క అంకె ఉండదు.

అంకెలు ఆటను పట్టివ్వలేవని కోచ్‌లు అంటారు. అందులో నిజం లేకపోలేదు. షేన్ బాటియే అనే ఆటగాడి సొంత అంకెలు సాదాసీదాగా ఉండేవి, కానీ అతను కోర్టులో ఉంటే జట్టు మెరుగ్గా ఆడేది. దీని మీద రచయిత మైకేల్ లూయిస్ 2009లో పెద్ద వ్యాసమే రాశాడు. ఎన్‌బీఏ ఆటగాడు బిల్ రసెల్ పదకొండు టైటిళ్లు గెలిచి 1969లో ఆట మానేశాడు. ఎదుటివారి షాట్లను గాల్లోనే ఆపే బ్లాకులను ఎన్‌బీఏ లెక్కించడం మొదలుపెట్టింది 1973-74లో. అంటే అతని ఆటకు ప్రాణమైన విద్యకు అధికారిక లెక్కే లేదు. అయితే ఈ రెండు ఉదాహరణలూ లెక్క చాల్లేదని చెబుతున్నాయే తప్ప లెక్క వద్దని చెప్పడం లేదు. బాటియే విలువను బయటపెట్టింది కూడా ఇంకో రకం లెక్కే.

అంకెలు మొదలెడితే పిల్లలు అంకెల కోసమే ఆడతారన్నది రెండో భయం. 2003 మార్చిలో క్లీవ్‌లాండ్ ఆటగాడు రికీ డేవిస్ ట్రిపుల్ డబుల్‌కు (మూడు విభాగాల్లో కనీసం పదేసి) ఒక్క రీబౌండ్ తక్కువైందని తమ బాస్కెట్‌కేసే బంతి విసిరి తనే పట్టుకున్నాడు. అది లెక్కలోకి రాలేదు సరిగదా, సొంత జట్టే జరిమానా వేసింది. ఈ జబ్బు మనకు కొత్తగా అంటుకోనక్కర్లేదు. టాప్ స్కోరర్ పేరొక్కటే అచ్చేస్తున్నన్నాళ్లూ, ఖాళీగా ఉన్న తోటివాడికి బంతి ఇవ్వకుండా తనే వేసేవాడికి మనం బహుమతి ఇస్తున్నట్టే. వేసిన షాట్ల అంకె పక్కన పడితే ఆ చేయి కాస్త వెనక్కి తగ్గుతుంది.

రాసేవాళ్లు సొంత కాలేజీ వైపు మొగ్గరా అంటే, అసిస్ట్‌ల (బాస్కెట్‌కు దారితీసిన పాస్‌ల) దగ్గర మొగ్గవచ్చు. ఏది అసిస్టో ఏది కాదో చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది. అందుకే మొదట దాని జోలికి పోవద్దు. షాట్ వేశాడా, పడిందా, రీబౌండ్ ఎవరు పట్టారు, బంతి ఎవరు పోగొట్టారు, ఎన్ని నిమిషాలు ఆడారు: వీటిలో దబాయింపుకు చోటు తక్కువ. జట్టుకొకరు చొప్పున ఇద్దరు విద్యార్థులు ఒకరు చెబుతుంటే ఒకరు రాస్తే సరిపోతుంది. మన జనానికి ఇవన్నీ పట్టవు అనేవాళ్లు కబడ్డీని చూడాలి. ప్రొ కబడ్డీ వచ్చాక సూపర్ టెన్ అంటే ఏమిటో, ఎంప్టీ రైడ్ అంటే ఏమిటో పల్లెల్లో కుర్రాళ్లు గడగడా చెబుతున్నారు. పాయింటు రాని కూతను కూడా అక్కడ లెక్కిస్తున్నారు.

పత్రికలు చేయాల్సింది కూడా ఎక్కువేం కాదు. టాప్ స్కోరర్ పేరు పక్కన బ్రాకెట్లో ఎన్ని షాట్లకు ఎన్ని పడ్డాయో వేస్తే ఒక్క వాక్యం కూడా పెరగదు. ఆ లెక్క అందేదాకా టోర్నీల్లో ఉత్తమ స్కోరర్ కప్పు మాత్రం ఆపేయడం మంచిది. నిర్వాహకులకు ఆ డబ్బు మిగులుతుంది, కాగితాలూ పెన్నులూ అందులోనే వచ్చేస్తాయి.